యశోదమ్మ ఇంటిపని

గృహస్థాశ్రమమునందు భగవదారాధనకు విఘ్నములు అనేకములని మనము తలచుచుందుము. ధనచింత, రోగబాధ, బంధువుల రాకపోకలు, ఉద్యోగపు ఒత్తిడి – ఇట్లు లెక్కించుచు, పైకి చెప్పుటకు సంకోచించినను, లోలోపల మరియొకదానిని గూడ ఆ పట్టికలో చేర్చుచుందుము. అది ఇంటిలోని పసిబిడ్డ. నడక నేర్చి, మాట ఇంకను నేర్వని ఏడాదిన్నర బిడ్డ యున్న ఇంటిలో జపము సాగదు; పారాయణము సాగదు. తల్లికి స్నానమాడి బొట్టు పెట్టుకొనుటకే తీరిక దొరకదు. ఇక తులసికోటకు ప్రదక్షిణ మెక్కడిది? "వీడు కాస్త పెద్దవాడయ్యాక మళ్ళీ పూజ మొదలుపెడతాను" అని ఎందరో తల్లులు చెప్పుచుందురు. ఆ మాటలో ఇంచుక విచారమున్నది. భగవంతునకు దూరమైతినేమో యను భయమును గలదు.

ఆ భయము యుక్తమైనదేనా? పసిబిడ్డ ఆరాధనకు నిజముగ అడ్డమా? ఈ ప్రశ్నను నేను గ్రంథములలో వెదకి తెచ్చుకొనలేదు. అది మా ఇంటిలోనే నా యెదుటికి వచ్చి నిలిచినది.

ఒక కార్తికమాసపు ఉదయమున కోయిలాళ్వారు ముందు తిరువారాధనము చేయుచుంటిని. కట్టెపొంగలి పాత్రలో తెచ్చి పెట్టియుండిరి. ఇంకను నివేదనము కాలేదు. కన్నులు మూసి మంత్రము ననుసంధించుచుండగా వెనుక మువ్వల సవ్వడి వినవచ్చినది. కన్నులు తెరచి చూతును గదా, మా మనుమడు పొంగలిలో చేయి పెట్టి, ఒక పిడికెడు తన నోట నుంచుకొని, వ్రేళ్ళకంటిన మెతుకులను నా నోటికందింప వచ్చుచున్నాడు. నాకు కోపమాగలేదు. వాని చేయి పట్టి గట్టిగా ఈడ్చితిని. పిల్లవాడు తూలి నేలపై పడి, ఊపిరి తిరుగనంతగా ఏడ్చినాడు.

వంటింటినుండి మా కోడలు పరుగున వచ్చి బిడ్డ నెత్తుకొన్నది. ఎన్నడును ఎదురు మాటాడని పిల్ల ఆనాడు తలవంచుకొని ఇట్లన్నది: "మామగారూ, వీడు పుట్టినప్పటినుంచి నేను దేవుడిముందు పది నిమిషాలు కూర్చున్నది లేదు. నా పూజ ఎలాగూ పోయింది. ఇప్పుడు మీ ఆరాధనకు కూడా అడ్డమయ్యాము." ఆమె కన్నులలో నీరు నిండినది. నేను బదులు పలుకలేకపోతిని.

పొంగలి మరల వండిరి, ఆరాధనము ముగిసినది. కాని నా మనస్సునకు శాంతి లేదు. మరునాటినుండి పిల్లవాడు పూజగది లోనికి వచ్చుట మానినాడు. గడప కావల నిలిచి, ఒక చేత తలుపు పట్టుకొని, నావంక చూచి వెడలిపోవుచుండెను. మూడవనాడు మా ఇంటి యిల్లాలు తులసిదళములు కోసి తెచ్చి నా ముందుంచుచు, మెల్లగా అన్నది: "మాల ముట్టుకున్నదని పెరియాళ్వారు కూడా గోదమ్మను కోప్పడ్డారుగదండీ. ఆ తరువాత స్వామి ఏమన్నారో మీరే ఎన్నోసార్లు మాకు చెప్పారు."

ఆ కథ శ్రీవైష్ణవ గృహములలో తెలియనివారుండరు. శ్రీవిల్లిపుత్తూరులో వటపత్రశాయికి పుష్పకైంకర్యము చేయుచుండిన విష్ణుచిత్తులకు తులసీవనమున ఒక శిశువు లభించినది. ఆ శిశువును ఆయన స్వయముగ పెంచెను. స్వామికై కట్టిన మాలను ఆ బాలిక తాను ధరించి అందము చూచుకొనుచుండగా ఆయన కనుగొని, అపచారము జరిగెనని వగచి, ఆనాడు మాల సమర్పింపలేదు. స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, ఆమె ధరించి విడిచిన మాలయే తనకు ప్రియమని తెలిపెను. మన తెలుగుదేశమున శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద యను పేరుతో కావ్యము రచించిన దీ కథనే. మా మనుమడు గోదాదేవి కాడు. నేను విష్ణుచిత్తుడను కాను. నివేదనమునకు ముందు ముట్టిన అన్నమును స్వామికి అర్పింపవచ్చునని నేను చెప్పుటయును లేదు. ఆచారము ఆచారమే. కాని, బిడ్డ చేసినది అపచారము కాదు, నేను చేసినదే అపచారమను సంగతి మాత్రము ఆ యుదయమున నాకు బోధపడినది.

కార్తికమునకు అధిదేవత దామోదరుడు. ఆ మాసమున మా ఇంట సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట భాగవతము దశమస్కంధమును పారాయణము చేయుట వాడుక. ఆనాటి సాయంకాలమునకు ఉలూఖల బంధన ఘట్టము వచ్చినది. అంతవరకు ఎన్నిమారులు చదివినను దానిని నేను భగవంతుని లీలగానే చదివితిని. ఆనాడు మాత్రము అందొక తల్లి ఇంటిపని నాకు గోచరించినది.

పాఠకమహాశయులు ఆ ఘట్టమును ఒకసారి స్మరింతురుగాక. నందుని ఇంట పరిచారికలు వేరు పనులలో నుండగా యశోద స్వయముగ పెరుగు చిలుకుచున్నది. చేతులు కవ్వపు త్రాడును లాగుచున్నవి. నోరు బిడ్డ చేసిన ముద్దుచేష్టలను పాడుచున్నది. మనస్సు ఆ బిడ్డయందే యున్నది. ఇంతలో ఆ బిడ్డయే ఆకలిగొని వచ్చి కవ్వమును పట్టుకొనును. ఆమె పని మాని ఒడిలోనికి తీసికొని పాలిచ్చును. అప్పుడే పొయ్యిమీది పాలు పొంగును. బిడ్డను దించి ఆమె పాల దించుటకు పరుగెత్తును. అర్ధాకలితో నున్న బిడ్డకు కోపము వచ్చును. ఒక రాతితో పెరుగుకుండను పగులగొట్టి, లోనికి పోయి, బోర్లించిన రోటిపై కూర్చుండి కోతులకు వెన్న పంచిపెట్టును.

సోదరీమణులారా! ఇందు మీ ఇంట జరుగనిది ఏదైన నున్నదా? చంకలో బిడ్డ, పొయ్యిమీద పాలు. ఒకటి చూచిన మరియొకటి చెడును. పాలు దించి వచ్చునప్పటికి నేలపై పెరుగు, గోడకు వెన్న. ఇది ప్రతి గృహమున ప్రతిదినము జరుగు భాగవతమే. బిడ్డను దించి పాలకై పరుగెత్తినదని యశోదను తప్పుపట్టరాదు. ఆ పాలెవరి కొరకు? ఆ బిడ్డ కొరకే గదా. బిడ్డకై వండు వంట, ఉతుకు గుడ్డ, తుడుచు నేల – ఇవి యన్నియు ఆ బిడ్డ సేవయే. పని వేరు, బిడ్డ వేరు అని తల్లి ఎరుగదు.

పిమ్మట ఆమె కఱ్ఱ చేతబట్టి వెంటాడును. యోగుల మనస్సున కందనివాడు ఆమె చేతికి చిక్కి, కాటుక చెదర కన్నులు నులుముకొనుచు ఏడ్చును. బిడ్డ భయపడెనని గ్రహించినంతనే ఆమె కఱ్ఱను పారవేయును. పారాయణము చేయుచు ఇక్కడికి వచ్చునప్పటికి నా కంఠము పెగలలేదు. బిడ్డ భయము చూచినంతనే యశోద కఱ్ఱ విడిచినది. నేను బిడ్డ భయము చూచియు మంత్రము కొనసాగించితిని.

త్రాటితో రోటికి కట్టబూనగా ఆ త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. ఇంకొక త్రాడు ముడివేసినను రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్ళన్నియు ముడివేసినను కొరత తీరలేదు. గోపికలు నవ్వుచున్నారు. చెమట గ్రమ్మి, కొప్పున పూలు జారి, అలసిపోయిన తల్లిని చూచి ఆ బాలుడు జాలిగొని, తనంతట తానే కట్టుబడెను. ఆ రెండంగుళములలో ఒకటి జీవుని ప్రయత్నమనియు, రెండవది భగవంతుని కృపయనియు వ్యాఖ్యాతలు వివరింతురు. తల్లి అలసిపోవువరకు శ్రమించినది; ఆ అలసటను చూచి కృప దిగివచ్చినది. ఆమె అప్పుడు జపము చేయలేదు, ధ్యానమున కూర్చుండలేదు. ఇంటిపని చేసి చేసి అలసినది. ఆ అలసటయే ఆమె తపస్సయినది. బ్రహ్మకును, శివునకును, నిత్యము వక్షఃస్థలమున వసించు లక్ష్మికిని లభింపని ప్రసాదము ఆ గోపికకు లభించెనని శుకమహర్షి పరీక్షిత్తునకు చెప్పినాడు.

ఈ సౌలభ్యమును తలచియే నమ్మాళ్వారు మైమరచిరి. లోకములన్నియు తన కడుపులో నుంచుకొన్నవాడు వెన్నకై రోటికి కట్టుబడి దీనముగ చూచెనా యని ఆశ్చర్యమున మునిగి, ఆరు మాసములు మూర్ఛలోనుండిరని గురుపరంపర చెప్పుచున్నది. భగవంతుని పరత్వము నెరింగిన మహానుభావుని మూర్ఛిల్లజేసినది పరత్వము కాదు. ఒక తల్లి చేతి త్రాడు.

కట్టివేసిన పిమ్మట యశోద యేమి చేసినదో గమనింపుడు. ఆమె మరల ఇంటిపనిలో మునిగినది. సాక్షాద్భగవంతుని బంధించితినను ఎరుక ఆమెకు లేదు. రోలును ఈడ్చుకొనుచు పోయి ఆ బాలుడు మద్దిచెట్లను కూల్చి నలకూబర మణిగ్రీవులకు శాపవిముక్తి కలిగించినాడు. తాను కట్టుబడియుండి ఇతరుల కట్లు విప్పినాడు. తల్లి మాత్రము ఇంటిపనిలో నున్నది!

ఇంకొక్క విశేషము. పూతన మరణించిన పిమ్మట గోపికలు బిడ్డకు దృష్టి తీసిరి. గోవుతోకతో దిగదుడిచిరి, గోమూత్రముతో స్నానము చేయించి, గోధూళి యద్ది, పండ్రెండు అంగములయందు కేశవాది నామములతో రక్ష పెట్టిరి. మనము ధరించు ద్వాదశ ఊర్ధ్వపుండ్రములకు గల నామములును అవియే. ఎవరి నామములతో ఎవరికి రక్ష? ఆ నామములు గలవాడే ఆ యొడిలో నున్నాడు. వారికది తెలియదు, తెలియవలసిన పనియు లేదు. మన ఇండ్లలో సాయంసమయమున ఉప్పు మిరపకాయలు దిగదుడిచి, "మా తండ్రికి ఏ కన్నూ తగలకూడదు" అని బుగ్గను చుక్క పెట్టు ముత్తవ చేతిలో నున్నది ఆ ప్రేమయే. భగవంతునికే కీడు కలుగునేమో యని శంకించి, ఆయనకు పల్లాండు పాడిన పెరియాళ్వారి ప్రేమయును అట్టిదే.

ఆ ఆళ్వారు రచించిన 473 పాశురములలో 12 తిరుప్పల్లాండు. తక్కినవి పెరియాళ్వార్ తిరుమొళి. అందు ఆయన పురుషుడనను మాట మరచి యశోదయైనాడు. ఆయన పాడిన విషయములు ఏవి? ఊయలలో జోల, చందమామను పిలుచుట, చప్పట్లు చరచుట, తప్పటడుగులు, ఎదురుగ వచ్చి కౌగిలించుట, వెనుకనుండి వచ్చి మెడను పెనవేయుట, చెవులు కుట్టించుట, నలుగు పెట్టి నీరుపోయుట, తల దువ్వుట, పూలు ముడుచుట, సందెవేళ రక్షపెట్టుట. మాతృమూర్తులారా! ఇది వేదాంతవిషయముల జాబితా కాదు. మీరు ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చేయు పనుల జాబితా. దీనినే మన పెద్దలు ద్రావిడవేదమున చేర్చి, ఆలయములలో సేవాకాలమున అనుసంధించుచున్నారు.

తిరుమలక్షేత్రమునందు జరుగు నిత్యోత్సవక్రమమును చూడుడు. తెల్లవారుజామున సుప్రభాతము. అందు స్వామిని మేల్కొలుపు మొదటి పిలుపే కౌసల్య కన్నబిడ్డ యని. అది విశ్వామిత్రుడు అడవిలో రాముని లేపిన పిలుపు. తరువాత నవనీతహారతి. అభిషేకములు, పుష్పమాలలు, వేళకు నైవేద్యములు. రాత్రి ఏకాంతసేవలో బంగారు ఊయల మంచముపై భోగశ్రీనివాసమూర్తిని శయనింపజేసి, పాలు నివేదించి, తాళ్లపాకవారి జోలపాట పాడి, తలుపులు మూయుదురు. ధనుర్మాసమున ఆ సేవ శ్రీకృష్ణమూర్తికి జరుగును. మేల్కొలుపు, వెన్న, నీరాట, పూలు, అన్నము, పాలు, ఊయల, జోల! కొండమీద అర్చకస్వాములు నియమముతో చేయు సేవకును, ఇంటిలో తల్లి నిద్రమాని చేయు సేవకును క్రమము ఒక్కటియే. అచ్చట భగవంతుని బిడ్డవలె చూచుచున్నాము. ఇచ్చట బిడ్డయందు భగవంతుని చూచుట మిగిలియున్నది.

దీనికి సాధన ఏదియన, కష్టమైనది కాదు. నీరు పోయునప్పుడు ఒక నామము, అన్నము కలుపునప్పుడు ఒక నామము, ఊయల నూపునప్పుడు ఒక పాట. యశోద కవ్వముతో చేసినది ఇదియే. పూర్వము మన తల్లులు చందమామను చూపి గోరుముద్దలు తినిపించిరి. ఇప్పుడు అనేకగృహములలో సెల్‌ఫోను చూపి తినిపించుచున్నారు. అలసిన తల్లిని నేను నిందింపను. కాని ఆ పది నిమిషములు బిడ్డ కన్నులు తల్లి ముఖముపై నిలిచినచో, ఆ ముద్దలతోడ ఒక కృష్ణకథ గూడ వాని కడుపులోనికి పోవును. ఆ కథకు పిదప ఏ బడియును సాటిరాదు.

ఈ మాటలు తల్లులకు. పెద్దలకు చెప్పవలసినది వేరొకటి గలదు. "బిడ్డ సేవయే భగవత్సేవ" యని కోడలికి ఉపదేశించి, మనము పీటపై నిశ్చింతగ కూర్చుండుట ధర్మము కాదు. ఆమెకును దేవుని యెదుట దీపము వెలిగించు ఆశ యుండును. ఆ ఆశ తీరుటకు ఎవరో ఒకరు ఆ బిడ్డను ఎత్తుకొనవలెను. నందుని ఇంట పరిచారికలుండిరి, చుట్టుప్రక్కల గోపికలుండిరి. నేటి గృహములలో ఎవరున్నారు? తాతయు, అవ్వయు, తండ్రియు ఆ గోపికల పని చేయవలెను.

దేవకీదేవి దుఃఖమును గూడ మనము మరువరాదు. కన్నది ఆమె, ఊయల నూచినది యశోద. కులశేఖరాళ్వారు పెరుమాళ్ తిరుమొళి యందలి ఏడవ దశకమున దేవకియై విలపించినాడు. జోల పాడు భాగ్యము లేదయ్యె, వెన్న మెత్తిన మోము చూచు భాగ్యము లేదయ్యె నను ఆమె శోకము ఆ పాశురములలో నున్నది. తిరుమలలో స్వామి సన్నిధి గడపకు తన పేరు కలిగిన ఆ మహనీయుడు మనకు తెలిపిన దేమి? భగవంతుని కన్నతల్లికి గూడ గడచిపోయిన శైశవము మరల రాలేదు. కంసవధానంతరము కుమారుడు వచ్చి పాదములకు మ్రొక్కినాడు. కాని తప్పటడుగులు రాలేదు. మన ఇంటి బిడ్డ తప్పటడుగులును రెండు కార్తికములలో ముగిసిపోవును. అటుపిమ్మట పూజగదిలో నిశ్శబ్దము కావలసినంత యుండును.

ఇప్పుడు మా ఇంట ఒక చిన్న మార్పు జరిగినది. ఉదయమున నేను ఆరాధనమునకు కూర్చుండుటకు ముందు పావుగంటసేపు మనుమని ఎత్తుకొని పెరటిలో తిరుగుచున్నాను. ఆ సమయమున మా కోడలు పూజగదిలో దీపము వెలిగించి తన స్తోత్రము చదువుకొనుచున్నది. మొదటి రెండు దినములు పిల్లవాడు నా చంకలో నిలువక పెనుగులాడినాడు. ఆనాటి నా కోపము వానికి జ్ఞప్తియున్నదేమో. మూడవనాడు తులసికోటవద్ద ఒక దళము త్రుంపి నా చేతిలో పెట్టినాడు. ఆ దళమును కడిగి స్వామి పాదములయందుంచితిని. ఆరాధనసమయమున వాడిప్పుడు నా ప్రక్కన పీటపై కూర్చుండును. గంట మ్రోగించుట వాని పని. వేళగాని వేళ మ్రోగించును. రెండు మూడు మార్లు మంత్రము తప్పుచుందును. నివేదనము కాగానే మొదటి ముద్ద వానిది.

ఎన్ని సంవత్సరములు చేసిన ఆరాధనము! అందు ఏనాటిది స్వామికి ప్రీతి కలిగించినదో నే నెరుగను. ఏనాడు అప్రీతి కలిగించితినో మాత్రము నాకు తెలియును.

యశోద చేతి త్రాటికి కట్టుబడిన ఆ దామోదరుడే సప్తగిరులపై శ్రీనివాసుడై వెలసినాడు. పసిబిడ్డలు గల ప్రతి గృహమున ఆ వాత్సల్యనిధి కృప ప్రసరించుగాక! అలసిన తల్లులకు బలము, పెద్దలకు శాంతము, బిడ్డలకు దీర్ఘాయువు ప్రసాదించుగాక!

శ్రీ వేంకటేశార్పణమస్తు.